కౌలు కార్డు మీద సంతకం

శుక్రవారం

పంట మునిగితే పరిహారం సాగుచేసే మనకే వస్తుంది, కౌలు కార్డు తీసుకుందామని నాన్నను నెల్లాళ్ళు పోరింది నేనే. పొద్దున సంతకం కోసం పొలం గల సూర్రావుగారింటికి వెళ్ళాం. ఆయన కాగితం చదివి, మడిచి, తిరిగి ఇచ్చేశారు.

"పన్నెండేళ్ళు నోటిమాట మీద నడిచింది కదయ్యా. అమ్మాయి చదువుకునేసరికి సంతకాలు కావలసొచ్చేయా? ఈ సార్వా పంట వేరేవాళ్ళు చేస్తార్లే."

"ఆయ్, తమరిష్టమండి" అన్నాడు నాన్న.

నేను ఆ కార్డు ఊసెత్తకపోతే ఈ సార్వా కూడా మాదే...

ఉప్పు తేలిన ఆ చేలో ఏటా పచ్చి ఎరువుకని జీలుగ చల్లి, దున్ని, మట్టిని దారికి తెచ్చింది నాన్నే. సాయంత్రం వెళ్ళి చూస్తే ఈ ఏటి జీలుగ నడుం దాకా ఉంది.

"రేపు కలియదున్నేయాలమ్మా. ముదిరితే మట్టిలో కుళ్ళదు."

"ఇంకా మనకెందుకు నాన్నా?"

నాన్న ట్రాక్టరుకి ఫోన్ చేసి, పొద్దున్నే రమ్మన్నాడు.