వచ్చిన బస్సుని వెనక్కి పంపేశాం

చిట్టితల్లి రూబీకి, ప్రభువు దయవల్ల నేనూ అమ్మా కులాసా.

నా గుండె దడ ఇంకా తగ్గలేదమ్మా! మన లంకకి బస్సు వెయ్యమని నేనూ, తోమా బాబాయీ మూడేళ్ళు సోమవారం సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు పెట్టామా, నిన్న ఆ బస్సు నిజంగానే వచ్చేసింది. వంతెన దగ్గరున్న తోమా ఏం చేశాడో తెలుసా? పెళ్ళివారి బస్సు అనుకుని, "దారి తప్పారండీ, మా ఊరికి బస్సులు రావండీ" అని దగ్గరుండి వెనక్కి తిప్పించేశాడు! సంగతి తెలియగానే నేను డిపోకి ఫోన్ చేస్తే, "మీవాళ్ళే వద్దన్నారంట కదండీ" అన్నారు. ఎంత బతిమాలానో! ఇవాళ పొద్దున్నే మళ్ళీ పంపారు తల్లీ. పనున్నవాళ్ళూ లేనివాళ్ళూ ఊరంతా ఎక్కేశాం. హన్నమ్మ పిన్ని కిటికీ పక్కన కూచుని సంతోషంతో ఒకటే ఏడుపు. ఈ కార్డు ఏలూరు బస్టాండులోనే రాస్తున్నాను.

అల్లుడుగారి దగ్గు తగ్గిందా? అమ్మ మోకాళ్ళకి రాసుకునే నూనె అయిపోయింది, వచ్చేటప్పుడు తీసుకురా. నెల్లాళ్ళు జనం బాగా ఎక్కితేనే బస్సు ఉంచుతారంట. అల్లుడుగారు కారు తీస్తానన్నా ఒప్పుకోకు. విశాఖలో రైలెక్కి, ఏలూరులో దిగి, మన బస్సులోనే రండి. పిల్లల్ని ఒళ్ళో కూచోబెట్టుకోవద్దు, వాళ్ళకీ టిక్కెట్లు తియ్యండి.

దేవుడు మీ అందరినీ చల్లగా కాయాలి.

మీ నాన్న,
సాల్మన్