అచ్చులో తేడా

చిలకలపూడి,
12 ఆగస్టు 2003

తమ్ముడు భాస్కరాన్ని అక్క దీవించి రాస్తున్నది.

మొన్న మా మురళి కెంపుల గాజులకి పచ్చరాళ్లు పొదిగాడు. పద్దెనిమిదేళ్ల కిందట నువ్వు హారానికి పొదిగినట్టే. "కళ్లెక్కడ పెట్టుకున్నావురా?" అని ఆనాడు నిన్నన్న మాటే వాడినీ అన్నాను. బీయస్సీ చదువుతున్న మా ఇంద్రజ అడ్డొచ్చింది. "అశ్రద్ధ కాదమ్మా, తమ్ముడికి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలీదు," అంది.

తర్వాత అది అంతా విడమరిచి చెప్పింది. నాన్న నగల అసలు అచ్చుల్ని పెట్టె దాటనిచ్చేవాడు కాదు, నకళ్లే పనిలోకి ఇచ్చేవాడు, గుర్తుందా? మన ఒంటి కణాల్లోనూ అంతేనట. జన్యువు లోపలే భద్రంగా ఉంటుంది. దాని నకలు బయటికొస్తే, అది చూసి ప్రోటీన్లు తయారవుతాయి. కంట్లో రంగుల్ని పట్టేవీ ఆ ప్రోటీన్లేనట. మేస్త్రీ అజమాయిషీ లేకుండా ఎంత పొందికైన పనిరా!

మన ఇంటి అచ్చులో చిన్న తేడా ఉంది. అమ్మ నుంచి నీకూ నాకూ వచ్చింది. ఆడవాళ్లకి ఆ అచ్చులు రెండుంటాయి కాబట్టి రెండోది, మంచిది, నన్ను కాపాడింది. మగవాడివి, నీకున్నది ఒక్కటే, అదీ తేడా ఉన్నదే. మురళికి వెళ్లింది నా నుంచే. నిన్ను పనిలోంచి తీసేసి ఉయ్యూరుకి వెళ్లగొట్టిన నేనే దాన్ని మోస్తున్నాను.

నువ్వు పాడుచేశావన్న ఆ హారం నిన్న బయటికి తీశాను. ఒక్క రాయీ వంకర లేదు. ఇన్నేళ్లూ రంగే చూశాను, నీ చెయ్యి చూడలేదు.

రాళ్ల డబ్బాలన్నిటి మీదా రంగుల పేర్లు రాసి పెట్టాను. వచ్చి మురళికి పని నేర్పు.

మీ అక్క