గాలి ఎటు వీస్తుందో రాయి

ఫిబ్రవరి 3

ప్రియమైన మీకు,

అత్తమ్మా నేనూ బాగున్నాం. ఫోన్లో అడుగుదామంటే ఆవిడ పక్కనే ఉంటుంది, అందుకే రాస్తున్నాను. నిన్న చర్చికి వెళ్ళకముందే మీరు మన మిరప కల్లాన్ని టేపుతో కొలిచారు. నేను టీ తెచ్చేసరికి కాగితం జేబులో పెట్టుకున్నారు. కల్లానికి తూర్పున కట్టబోయే కరెంటు బస్సుల డిపోకి ప్లాను గీసేది మీరేనని ఊరందరికీ తెలుసు.

"ఏమ్మే రెబ్కా, మీ ఆయన కల్లాన్ని బస్సులోళ్ళకి అప్పజెప్తున్నాడంటగా? ఇక కాయలు నీ నెత్తిన ఆరబోయాలా?" అని కొండమ్మ నలుగురిలో అడిగింది. తలొంచుకుని వచ్చేశాను. అది ప్రభుత్వ భూమి, మన దగ్గర కాగితం లేదు. పోతే ముప్పై ఇళ్ళ కాయలు ఎక్కడ ఆరాలి? నిజం చెప్పండి.

మీ రెబ్కా

మంగళగిరి, ఫిబ్రవరి 8

ప్రియమైన రెబ్కా,

కొండమ్మ మాటలు పట్టించుకోకు. నేనొకటి అడుగుతాను, ఎందుకని అడగొద్దు. బస్సులకు ఛార్జింగ్ పెట్టే షెడ్డు పైన సోలార్ పలకలు వేస్తారు. వాటి మీద దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గిపోతుంది. కాయలు ఆరే రోజుల్లో గాలి ఎటు వీస్తుంది, కల్లం దుమ్ము ఎటు పోతుంది? నేను చిన్నప్పుడే హాస్టల్లో పడ్డవాణ్ణి, నాకు తెలియదు. ఎవరికీ చెప్పకుండా రాయి.

నీ మార్క్

ఫిబ్రవరి 12

ప్రియమైన మీకు,

ఎవరికీ చెప్పలేదు. కానీ నిన్న ఇద్దరొచ్చి కల్లం నాలుగు మూలలా ఎర్ర కొయ్యలు పాతారు. ఎవరు పంపారంటే మీ పేరే చెప్పారు. అత్తమ్మ మురిసిపోయి వాళ్ళకి మజ్జిగ ఇచ్చింది. నేను మాత్రం గ్లాసు కూడా అందించలేదు.

మీరడిగినదానికి జవాబు. దుమ్మంతా డిపో మీదికే పోతుంది. మీ పలకలు రోజూ ఎర్రబడతాయి. ఇక్కడ కట్టొద్దని మీవాళ్ళకి చెప్పండి.

రెబ్కా

మంగళగిరి, ఫిబ్రవరి 17

ప్రియమైన రెబ్కా,

ఇక దాచను. మా మొదటి ప్లానులో కల్లాన్ని ఖాళీ స్థలమని రాశారు. పైనుంచి తీసిన ఫోటో ఆగస్టుది, అప్పుడక్కడ గడ్డే కదా. పలకలు అక్కడే నేల మీద పరుద్దామనుకున్నారు. అది ఖాళీ కాదని చూపించడానికే కొలిచాను, హద్దు కొయ్యలు పాతించాను. పలకలన్నీ షెడ్డు మీదికి ఎక్కిస్తూ వేరే ప్లాను గీశాను, వాటి మీద దుమ్ము పడుతుందేమోననే నిన్ను గాలి సంగతి అడిగాను. అమ్మ చెవిన పడితే ఊరిని ట్రాక్టరెక్కించి ఆఫీసు మీదికి గొడవకి తెస్తుందని నీకూ చెప్పలేదు.

నువ్వు రాసిన దుమ్ము సంగతి మా ఇంజనీరు సఫూరా మేడంకి చెప్పక తప్పలేదు. "అయితే కాయలు ఆరబోయడమే ఆపించాలి మార్క్, ఆ స్థలం కూడా కలిపేసుకుందాం" అన్నారావిడ. గురువారం కాగితాలు పైకి వెళ్ళిపోతాయి. నాకేమీ తోచడం లేదు.

నీ మార్క్

మంగళగిరి, బుధవారం

ప్రియమైన మీకు,

ఇది పోస్టులో వేయడం లేదు. మీ ఆఫీసు గేటు దగ్గర నిలబడి రాసి, వాచ్‌మన్‌తో పంపిస్తున్నాను. దుమ్ము డిపో వైపు పోదు. కాయలు ఆరే రోజుల్లో గాలి తూర్పు నుంచే వస్తుంది, పొడంతా పడమర కాలవలోకి పోతుంది. అందుకే మేమంతా తూర్పుకు వీపు పెట్టి కాయలు తిరగేస్తాం, కళ్ళలో పడకుండా. మిమ్మల్ని అనుమానించి అబద్ధం రాశాను. నాతో చెప్పి ఉంటే రాసేదాన్ని కాదు.

నన్ను మేడం దగ్గరికి తీసుకెళ్ళండి. అక్కడ నా నోరు పెగలకపోయినా మీరు మాట అందుకోవద్దు. కాసేపు ఆగండి. నేనే చెబుతాను.

మీ రెబ్కా