గాజు బిగించని దేవమాత

ఫాదర్ తిహోమిర్ గారికి,

మీరు ఫోను ఎత్తడం లేదు, అందుకే ఈ ఉత్తరం మా డ్రైవరు చేత పంపుతున్నాను.

మీ చర్చి నుంచి ఏనాడో మా విశ్వవిద్యాలయ మ్యూజియానికి తెచ్చిన దేవమాత చెక్క పటానికి, పురుగు పట్టకుండా అప్పట్లో పాషాణమనే విషం పూశారు. అది రంగు మీదికి తేలుతోంది. గాజు బిగించేదాకా ప్రదర్శనలో పెట్టవద్దన్నాను.

"మ్యూజియంలో పటాన్ని ఎవరు ముద్దు పెట్టుకుంటారమ్మా, ఇదేమన్నా చర్చి అనుకున్నావా?" అని డైరెక్టరు రాద్కా గారు నవ్వేశారు.

నిన్న మీ ఊరివాళ్లు బస్సులో వచ్చారు. వరుసలో నిలబడి అందరూ ముద్దు పెట్టుకున్నారు.

"ఆపబోతే, మా అమ్మను మేం పలకరించుకుంటే నీకేం నొప్పిరా అన్నారు" అని కాపలాదారు చెప్పాడు.

అందరినీ వెంటనే ఆసుపత్రికి పంపండి. పటం అంచున పాలపళ్ల గాట్లున్నాయి. ఆ బిడ్డ ఎవరో కనుక్కుని ముందు పంపండి.

మ్యూజియం మరమ్మతుల గది నుంచి