శిక్షణలో పత్తికాయ

లోవెల్, 14 జూలై 1998

వెర్లీన్ అక్కకు, క్షేమంగా చేరాను. తిండికీ పడకకీ లోటు లేదు, బెంగపడకు.

ఇక్కడ, ఒకప్పుడు మన వైపు పత్తితో బట్టలు నేసిన పాత మిల్లులో, చరిత్ర టీచర్లమైన మాకు రెండు వారాల శిక్షణ. నిన్న మాకు పాఠం చెప్పే హాలొరన్ మేడమ్ తలా ఒక పగిలిన పత్తికాయ చేతికిచ్చి, "దూది తీయండి చూద్దాం" అన్నారు. కాయ మొనలకు మిగతావాళ్ళ వేళ్ళు గీరుకుపోయాయి. నేను కాయవైపు చూడకుండానే తీసేశాను. "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నారు. ఇరవై రెండేళ్ళుగా మిసిసిపీలో పాఠాలు చెబుతూ, సిగ్గుపడి పిల్లలకు ఎన్నడూ చెప్పని మాట అక్కడ చెప్పేశాను. మన చిన్నప్పుడు పత్తి తీతలకని బడి మూసేసేవాళ్ళు. నా సంచీ కూడా నువ్వే నింపి, "చదవవే ఓజెల్లా, నాకు వినపడేలా చదువు" అని నన్ను గట్టు మీద కూర్చోబెట్టేదానివి. బడి తెరిచాక నేను వెళ్ళాను, నువ్వు చేలోనే ఉండిపోయావు.
"ఈ పాఠం చెప్పాల్సింది మీ అక్క" అన్నారు హాలొరన్ మేడమ్.

బెండమొక్కలకు నీళ్ళు పోస్తున్నావా? బీపీ మాత్రలు మానకు. వంటింటి ఫ్యాను బాగుచేయించావా?

సెప్టెంబరులో ఒకరోజు నా తరగతికి రా. "ఆరో క్లాసుతో ఆగినదాన్ని, నేనేం చెబుతానే" అనకు. నువ్వు నా కుర్చీలో కూర్చుని చెప్పు. నేను పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని వింటాను.

చర్చిలో అందరినీ అడిగానని చెప్పు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

నీ చెల్లెలు
ఓజెల్లా