కళ్లు తెరిచిన కాయలే రైలెక్కాయి

అక్కకు, బావకు నమస్కరించి చెల్లెలు సుజాత బెంగళూరు నుంచి రాస్తున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలు బడికి సరిగ్గా పోతున్నారా? నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు. వానకి, చలికి రెండు దుప్పట్లు కప్పుకుంటున్నాను. చేసేది ఐస్‌క్రీం పని, పైగా ఈ చలి. సాంబారులో బెల్లం వేస్తారు, దానికింకా అలవాటు పడలేదు. ఆదివారం గదిలో ఒక్కదాన్నే కూర్చుంటే మాత్రం మీరంతా గుర్తొచ్చి ఏడుపొస్తుంది.

ఫోన్లో అయితే సగం మాటలు నువ్వే మాట్లాడతావు, అందుకే రాస్తున్నాను. మొదటిసారి కాయలు తెచ్చినప్పుడు ఏం జరిగిందో బావ నీకు పూర్తిగా చెప్పి ఉండడు. పొద్దున్నే ఆత్మకూరులో బస్సెక్కి, గద్వాలలో ఫాస్ట్ రైలెక్కి, మధ్యాహ్నానికల్లా రెండు గంపల సీతాఫలాలతో దిగాడు. సాయంత్రానికి ఐస్‌క్రీంకు గుజ్జు తీయాలని మా యజమానమ్మ గిన్నెలు కడిగించి పెట్టింది. ఒక్క కాయా మెత్తబడలేదు, అన్నీ రాళ్లే. మా ఊరి పండ్లని గొప్పలు చెప్పిందాన్ని, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంకొక్కసారి చూస్తాను, అంతే అంది ఆమె.

బావ గంప మీద చెయ్యేసి, "లారీ కోసం తెంపి తెంపి అలవాటైన చేతులు సుజాతా. బండి మారిందని వాటికి తెల్వలే" అన్నాడు.

నిజమే కదా. లారీ చేరేసరికి రెండు రోజులని, కాయ మీది కళ్లు సగం తెరవగానే తెంపేస్తాం. అందుకే తెల్లగా కళ్లు తెరిచి, వేలికి మెత్తగా తగిలేవే తెంపమని నీతో పోట్లాడాను. దారిలోనే పగులుతాయని నువ్వు తిట్టావు.

శుక్రవారం రెండోసారి వచ్చినప్పుడు బావ ఒక గంపనైతే రైల్లో ఒళ్లోంచి దించనే లేదట. యజమానమ్మ ఒక పండు తీసి కొద్దిగా నొక్కితే రెండుగా విచ్చుకుంది. నిలబడే తిని, గింజలు అరచేతిలోకి ఉమ్మి, ఇంకొకటి అందుకుంది. చీకటి పడకముందే గుజ్జంతా తీసేశాం. లారీ కాయలైతే పండేదాకా చూసి, కుళ్లినవి ఏరి పారేసేసరికి మూడు రోజులయ్యేది. పంటకాలం అయ్యేదాకా రోజు విడిచి రోజు తెమ్మంది. గెలిచాం అక్కా!

ఈసారి బావతో కాస్త జొన్నపిండి పంపు. మీ అత్తమ్మకు నా దండాలు చెప్పి, నన్ను దీవించమను.

ఇంకొక్క మాట. ఈ ఏడాది చెట్లను కొత్తకోట వ్యాపారికి గుత్తకు ఇవ్వకు. "నేను కొనకుంటే నీ కాయలు చెట్టుమీదనే కుళ్తయి" అని ఏటా బెదిరిస్తుంటే నువ్వు తల దించుకునేదానివి. ఈసారి వస్తే కుర్చీ వేసి, ఒక మెత్తటి పండు చేతిలో పెట్టు. తిన్నాక చెప్పు, ఇవి రైలెక్కుతున్నాయని.

నీతో పోట్లాడి గెలిచిన నీ చెల్లెలు,
సుజాత