పద్నాలుగో షీటులో రాళ్లు

జనవరి 5

సమీర్ సార్‌కు కొత్త ఆలోచన. గురువారం క్లయింటుకు మా కొత్త టౌన్‌షిప్ ప్లాన్ చూపించేటప్పుడు పక్కనే ఒక రాజధాని పాత ప్లాన్ ఉండాలట, అదే స్కేలులో. బ్రిటిష్ వాళ్లు కట్టిన కొత్త ఢిల్లీ. "నువ్వు ఇండియన్‌వి కదా మస్తాన్, నువ్వే గీయి." ఈజిప్టు మనిషి. కడపకు ఢిల్లీ ఎంత దూరమో ఆయనకేం తెలుసు. ఒక్కసారి కూడా చూడలేదు నేను.

జనవరి 6

పాత మ్యాపులు రెండు దొరికాయి. ఒకటి నగరం కట్టకముందుది — ఊళ్లు, బావులు, చేలు, గోరీలు. రైసీనా, మాల్చా అని ఊళ్ల పేర్లు... రెండోది ప్లాను. గుట్ట మీది నుంచి తిన్నగా వెడల్పాటి రోడ్డు. ఊళ్లు లేవు. ఒక పేరు గుట్టకు మిగిలింది, ఒక పేరు రోడ్డుకు. అక్కడి మనుషులు ఎటు పోయారో ప్లానులో ఎవరు గీస్తారు? దాన్ని గీసినవాడూ నాలాంటి డ్రాఫ్ట్స్‌మనే అయి ఉంటాడు.

సమీర్ సార్ రెండోదే చాలన్నాడు.

జనవరి 7

సైటు నుంచి నర్సయ్య ఫోన్. జగిత్యాల మనిషి, సర్వే పనిలోనే తల నెరిసింది. ఎడారిలో తిరిగి ఆయన కొలిచి పంపిన పాయింట్లే ఇక్కడ జుబైల్ ఆఫీసులో కూర్చుని నేను గీసేది.

"సారూ, పద్నాలుగో షీట్ల రాళ్లున్నయ్. వరుసలు వరుసలు. గవి గోరీలే. ఫొటోలు గూడ పెట్టిన. జర సూడుండ్రి."

"చూస్తాలే నర్సన్నా."

జనవరి 8

చూశాను.

చెక్కినవి కావు. పేర్లు లేవు — ఇక్కడ ఖబర్ల మీద పేర్లు రాయరు. తలవైపు ఒక మామూలు రాయి, కాళ్లవైపు ఒకటి. మధ్య ఒక మనిషి పొడవు. రెండు మూడు చోట్ల పసిబిడ్డ పొడవు. అన్నీ కిబ్లాకు అడ్డంగా. రోజూ అయిదు పూటలు నమాజుకు ఆ దిక్కుకే తిరిగేవాణ్ని, నాకు అర్థం కాలేదంటే ఎవరు నమ్ముతారు?

సరిగ్గా మెయిన్ రోడ్డు మధ్యగీత మీద పడ్డాయి. చెబితే రోడ్డు వంచాలి. రోడ్డు వంచితే చౌరస్తా జరగాలి, షీట్లన్నీ మళ్లీ గీయాలి. మీటింగ్ రేపే. కంప్యూటర్లో డ్రాయింగు పొరలు పొరలుగా ఉంటుంది; ఆ రాళ్లున్న లేయర్ ఆఫ్ చేశాను. చెరపలేదు. కనపడకుండా చేశాను, అంతే. మీటింగ్ అయ్యాక చెబుతాను.

జనవరి 9

అందరికీ నచ్చింది. ఢిల్లీ బోర్డు ముందు నిలబడి ఫొటోలు దిగారు. సమీర్ సార్ నా భుజం తట్టాడు. సాయంత్రానికే డ్రాయింగులు సైటుకు వెళ్లిపోయాయి.

జనవరి 12

చెప్పలేదు.

జనవరి 20

నర్సయ్య మళ్లీ. "గోరీల సుట్టు కంచె ఏస్తమన్నరా సారూ?"

"పైవాళ్లకు చెప్పినాలే అన్నా."

"మీరు జెప్పిన్రంటే ఇగ ఫికర్ లేదు."

ఎంత సులువుగా వచ్చింది నోట్లోంచి.

జనవరి 31

జుమ్మా. ఇమామ్ ఏం చెప్పాడో ఒక్క ముక్క చెవికెక్కలేదు. మా నాన్న ఖబర్ గుర్తుకొచ్చింది — వేపచెట్టు పక్కన, గోడవైపు నుంచి రెండోది. కళ్లు మూసుకున్నా చూపించగలను.

ఫిబ్రవరి 9

నేల చదును చేసే గ్రేడర్ వెళ్లింది వాటి మీదుగా.

నర్సయ్య పరుగెత్తి బండికి అడ్డం నిలబడ్డాడట. అప్పటికే నాలుగు వరుసల రాళ్లు లేచిపోయాయి. కింద ఖబర్లకేమీ కాలేదు, పైపొరే పోయిందంటున్నారు. రాళ్లన్నీ ఒక పక్క కుప్ప. ఏది ఎక్కడిదో ఎవరికీ తెలియదు.

ఫిబ్రవరి 10

తప్పు సర్వేదని తేల్చారు. డ్రాయింగులో గోరీలు లేవు కాబట్టి సర్వేయర్ వదిలేశాడట. నర్సయ్యకు ఫైనల్ ఎగ్జిట్ — పని తీసేసి ఇండియాకు పంపేయడమే. ఎంత సేపు పట్టింది తేల్చడానికి... టీ తాగినంత సేపు. నర్సయ్యను లోపలికి పిలవలేదు, ఆ గదిలో నేనూ ఉన్నాను. కప్పులోకి చూస్తూ కూర్చున్నాను.

బయటికి వచ్చాక ఆయనే నన్ను ఓదార్చాడు. "మీరు జెప్పిన్రు, ఆళ్లే ఇనలే. మీరేం జేస్తరు సారూ."

ఫిబ్రవరి 12

సమీర్ సార్‌తో సైటుకు. కుప్ప పక్కన ఒక ముసలాయన, ఒంటెలు మేపుకునేవాడు. కోపం లేదు, అరుపు లేదు. ఒక్కో రాయి చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, పక్కన పెడుతున్నాడు. నా వచ్చీరాని అరబీకి అర్థమైంది ఇంతే — వాళ్ల అమ్మ మూడో వరుసలో ఉంది. వరుస ఎక్కడ మొదలవుతుందో ఇప్పుడు తెలియడం లేదు.

"కాగితాల్లో ఉండదా?" అని అడిగాడు నన్నే.

ఉంది. నా కంప్యూటర్లో ఉంది. ప్రతి రాయీ ఉంది.

ఫిబ్రవరి 13

పొద్దున్నే లేయర్ ఆన్ చేశాను. ప్రింట్ తీసి సమీర్ సార్ టేబుల్ మీద పెట్టాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. షీటు దగ్గరికి లాక్కున్నాడు.

"నన్ను అడిగి ఉంటే?"

"రోడ్డు వంచేవారా సార్?"

వంచేవాడేమో. అది ఇక తెలిసే దారి లేకుండా చేసింది నేనే.

హెచ్‌ఆర్‌కు రాస్తానన్నాడు. ముందు ఆ రాళ్లు ఎక్కడివక్కడ పెట్టించమన్నాడు.

ఫిబ్రవరి 16

ఎగ్జిట్ కాగితాలు ఇంకా చేతికి రాలేదు, నర్సయ్య సైటులోనే ఉన్నాడు. పద్నాలుగో షీటు ఆయన చేతిలో పెట్టాను. ఒక్కో పాయింటు మీద వేలు పెట్టి చూసుకున్నాడు, అన్నీ ఆయన కొలిచినవే.

"గిది మొదటి సంది మీ తాన్నే ఉన్నదా?"

"ఉండాది నర్సన్నా. నేనే కనపడకుండా చేసినా."

"మరి జెప్పిన అన్నరు గదా."

"చెప్పలేదు."

తల ఊపాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఎండ దిగేదాకా పని చేశాం. ఆయన మిషన్‌తో పాయింటు పట్టి చూపిస్తాడు, నేను అక్కడ మేకు కొడతాను, ముసలాయన రాయి తెచ్చి పెడతాడు. ఏ రాయి ఎవరిదో మాకు తెలియదు, చోటు మాత్రం సరైనదే. మూడో వరుస దగ్గర ముసలాయన అయిదో మేకు పక్కన కూర్చుండిపోయాడు. మేమిద్దరం ఆగాం.

నర్సయ్య నాతో మాట్లాడింది కొలత మాటలే. "ఎడమకు." "ఇంక జర." "ఆ."

ఫిబ్రవరి 17

రోడ్డు వంచమని ఆర్డర్ వచ్చింది. గీస్తున్నాను.

ఫిబ్రవరి 18

నర్సయ్య ఎగ్జిట్ ఇంకా రద్దు కాలేదు. ఒకసారి సిస్టమ్‌లో ఎక్కితే కష్టమంటున్నారు. నన్నేం చేస్తారో కూడా చెప్పడం లేదు. రేపు తొమ్మిదింటికి హెడ్డాఫీసుకు ఇద్దర్నీ రమ్మన్నారు. నర్సయ్యకు ఫోన్ చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, "ఎన్ని గంటలకు?" అన్నాడు. సారూ అనలేదు.

ఏడున్నరకు బండి. వెనక సీట్లో మేమిద్దరమే. గంటన్నర దారి.